రాజవ్వ బొంత, మంగేష్ కత్తి

కామాఠీపురా ఆరో గల్లీలో మంగేష్‌లు ఇద్దరున్నారు. ఒకడు పాలు పోస్తాడు, వాడి సంగతి మనకక్కర్లేదు. మనకు కావలసినవాడు పైకప్పుల మంగేష్. రేషన్ కార్డులో మంగేష్ నర్సయ్య ముత్యాల. ముప్పై ఏళ్లుగా మెడ వెనక్కి విరిచి, కంట్లో పొడి రాలకుండా ఒక కన్ను మూసుకుని, ముంబయిలో ఎవరెవరి ఇళ్ల కప్పులనో నున్నగా చేస్తూ వస్తున్నాడు. మలబార్ హిల్‌లో ఎవరో పెద్దమనిషి మధ్యాహ్నం కునుకు తీయబోతూ పైన చూసుకునే తామరపూలు, తీగలు, దీపాల గుంటలు ఈయన చేతి చలవే. తన ఇంట్లో మాత్రం తాతల నాటి చెక్క దూలాలు, వాటి మధ్య ఒక బల్లి.

నోట్లో వేలు పెడితే కొరకడం తెలియని మనిషి. గల్లీలో ఎవరైనా గట్టిగా మాట్లాడితే చెప్పులు వేసుకుని అటునుంచి అటే వెళ్లిపోయే రకం. అలాంటివాడు నలభై ఆరో ఏట కత్తి పట్టాడు. కూరగాయల కత్తి కాదండీ. మనిషి ఛాతీ దాకా వచ్చే రెండు చేతుల కత్తి, ఆరు వందల ఏళ్ల కిందట యూరప్‌లో కవచాలు తొడుక్కున్నవాళ్లు తిప్పినటువంటిది. పదును లేదు, మొన మొండిదే. కానీ ఉక్కు ఉక్కే కదా.

ఎలా పట్టాడంటే, ఆ పాపమూ పైకప్పుదే.

భాయ్‌ఖళాలో ఒక పాత వ్యాయామశాల ఉంది. దాని కప్పుకి పెచ్చులూడుతున్నాయని అక్కడి సెక్రటరీ మంగేష్‌ని పిలిపించాడు. వెళ్లి అతికి వచ్చాడు. నెల తిరిగేసరికి అదే చోట మళ్లీ ఊడింది. మళ్లీ అతికాడు. మూడోసారి పిలుపు వచ్చేసరికి మంగేష్‌కి పౌరుషం పొడుచుకొచ్చింది. ఆయన అతికిన పెచ్చు ఊడటమంటే ఇంటి పరువు పోయినట్టే. నిచ్చెనెక్కి దగ్గరగా చూశాడు. నీళ్లు దిగి ఊడిన చోటికి పసుపుపచ్చటి అంచు ఉంటుంది. ఇక్కడ అంచు లేదు, గాటు ఉంది. ఒక గాటు కాదు, వరసగా పదిహేను గాట్లు. ఎవరో కావాలని కొట్టారు. ఆ కొట్టేవాణ్ణి పట్టుకుందామని ఆదివారం పొద్దున్నే వెళ్లి గుమ్మం పక్కన నిలబడ్డాడు.

లోపల పది పన్నెండు మంది ముఖాలకు ఇనుప జాలీలు తగిలించుకుని కత్తులతో తలపడుతున్నారు. వాళ్లలో ఒకడు కత్తిని భుజం మీంచి పైకెత్తాడు. మొన వెళ్లి కప్పుని గీరింది. మంగేష్ కళ్లెదుటే కప్పు మీది తామరపూవు రేకు ఒకటి రాలి కిందపడింది. జీవితంలో మొదటిసారి ఆయన పరాయివాళ్ల మధ్యకు వెళ్లి, పన్నెండు కత్తుల నడుమ నిలబడి, మరాఠీలో చెడామడా తిట్టేశాడు.

వాళ్లందరికీ గురువు అనికేత్. ముప్పై దాటలేదు, కంప్యూటర్ ఉద్యోగం. పాత జర్మన్ పుస్తకాల బొమ్మలు చూసి, పుణెలో ఎవరి దగ్గరో నేర్చుకుని, తనకు వచ్చింది నలుగురికీ నేర్పుతున్నాడు. తిట్లన్నీ బుద్ధిగా విని, తప్పు ఒప్పుకుని, కత్తిని అలా పైకెత్తే భంగిమ పేరే ‘కప్పు’ అని చెప్పాడు. ఇంకొకటి ఎద్దు. ఇంకొకటి నాగలి. కత్తి దించుకుని ఏమీ తెలియనట్టు నిలబడేదానికి మూర్ఖుడని పేరు. ఎద్దు, నాగలి అనేసరికి మంగేష్ కోపం సగం చల్లారింది. పాలమూరులో పొలం దున్ని, తర్వాత ముంబయి వచ్చిన తాత ఆయనకు జ్ఞాపకమొచ్చాడు. ఆ దేశంలో కూడా దున్నేవాళ్లే కొట్టుకున్నారన్నమాట అనుకున్నాడు.

ఊరికే పట్టుకుని చూడమని అనికేత్ కత్తి చేతికిచ్చాడు. కప్పుకి తగలకుండా ఎలా ఎత్తాలో చూపించడానికి మంగేష్ దాన్ని భుజం మీదికెత్తి, అలాగే నిలబడి పెచ్చుల గురించి ఉపన్యాసం మొదలుపెట్టాడు. సున్నం పాళ్లు, పుట్టీ పాళ్లు, సెక్రటరీ పిసినారితనం అన్నీ చెప్పాడు. పది నిమిషాలు గడిచాయి. కత్తి రవ్వంత కదల్లేదు. అక్కడి కుర్రకారుకు రెండు నిమిషాలెత్తితే భుజాలు వణుకుతాయి. ముప్పై ఏళ్లు నెత్తిమీదికి చేతులెత్తి బతికినవాడికి భుజాలు ఎందుకు వణుకుతాయి? అనికేత్ నోరెళ్లబెట్టాడు. వచ్చే ఆదివారం కూడా రమ్మన్నాడు, కప్పు అతకడానికి కాదు.

మంగేష్ వెళ్లాడు. ఆ పై ఆదివారమూ వెళ్లాడు. కప్పు పని కూడా ఆయనే తేల్చేశాడు. ఆ తామరపూల పొరంతా పీకేసి కప్పుని మూరెడు పైకి జరిపాడు. దానికి కూలి అడగలేదు. ఎందుకు అడగలేదని సీమా నిలదీస్తే నీళ్లు నమిలాడు.

సీమా ఆయన భార్య. ఇంట్లో కుట్టుమిషన్ మీద జాకెట్లు, పరదాలు కుట్టి ఇస్తుంది. మొగుడు ఆదివారాలు ఎక్కడికి వెళ్తున్నాడో ఆమెకు రెండో వారానికే తెలిసిపోయింది. పెళ్లయి ఇరవై రెండేళ్లు, ఆయన ఈలవేయడం ఆమె వినలేదు. ఇప్పుడు ఆదివారం సాయంత్రం మెట్లెక్కుతూ ఈల వేస్తున్నాడు. ఈల వేసే మొగుణ్ణి అడగకుండా ఏ భార్య ఊరుకుంటుంది? అడిగింది, ఆయన చెప్పాడు, ఆమె పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వాక ఒకటే మాట అంది, అత్తమ్మకు తెలియకూడదని.

అత్తమ్మ అంటే రాజవ్వ. డెబ్బై మూడేళ్లు. ఆమె ఇంట్లో పెద్ద కత్తి ఉండదు. కొబ్బరికాయ కొట్టాలన్నా, గుమ్మడికాయ కోయాలన్నా పక్కింటికి పంపుతుంది. కొత్తగా వచ్చినవాళ్లకు ఇది చాదస్తంలా కనిపిస్తుంది. పాత కాపురాలవాళ్లు మాత్రం ఆ మాట ఎత్తరు.

ఆమె పెద్దకొడుకు శివరాం. మంగేష్ కంటే నాలుగేళ్లు పెద్ద, మనిషి చురుకు. ముప్పై ఏళ్ల కిందట ఎవడో స్నేహితుడు ఒక తల్వారు తెచ్చి రెండు రోజులు దాచమంటే, మొహమాటానికి మంచం కింద పెట్టాడు. మూడో రోజు పోలీసులు వచ్చి నేరుగా మంచం కిందికే వంగారు. శివరాం దానితో కొట్లాడలేదు సరికదా ఒరలోంచి కూడా తీయలేదు. అయినా పదకొండు నెలలు జైల్లో ఉన్నాడు. కేసు కొట్టేశారు కానీ, బయటికొచ్చినవాడు గల్లీలో ఎవరి కళ్లలోకీ చూడలేకపోయాడు. ఒక పొద్దున సూరత్ రైలెక్కాడు. దసరాకి ఫోన్ చేస్తాడు. తల్లి రెండు మాటలు మాట్లాడి సీమా చేతికి ఇచ్చేస్తుంది. పదో తరగతి గట్టెక్కి ఐటీఐలో చేరదామనుకున్న మంగేష్, అన్న బదులు తండ్రి వెంట తాపీ పట్టుకుని పనికి పోయాడు. పని తండ్రిది, ఇల్లు తాతది, పెళ్లి తల్లి కుదిర్చినది. మంగేష్ వేటికీ వద్దనలేదు, వేటినీ కోరుకోలేదు కూడా. ఈ కత్తి ఒక్కటే ఆయన తనంతట తాను కావాలనుకున్నది. అందుకే దాని విషయంలో అంత పిచ్చి పట్టింది.

కత్తి ఎప్పుడూ వ్యాయామశాలలోనే ఉండేది, ఇంటికి రాలేదు. వచ్చింది దెబ్బలే. మందపాటి దూదికోటు తొడుక్కుంటే దెబ్బ ఆగుతుందట, అది విదేశాల నుంచి తెప్పించుకోవాలట. ధర విని మంగేష్ ఆ మాట మళ్లీ ఎత్తలేదు. సీమా ఎత్తింది. ఫోన్‌లో ఆ కోటు బొమ్మ పెద్దది చేసి చూసి, ఇది బొంత కదా అంది. నిజమే. పాత బట్టలు పొరలు పొరలుగా పరచి, దగ్గర దగ్గరగా దారం పోసి కుట్టడమే. అటక మీద అత్తమ్మ చేత్తో కుట్టిన పాత బొంత ఒకటి ఉంది. రెండు వారాలు పట్టింది, మిషన్ సూదులు మూడు విరిగాయి, నాలుగో దానితో కోటు తయారైంది. ముదురాకుపచ్చ, ఎరుపు, లుంగీ గళ్లు, ఎవరిదో పెళ్లి చీర అంచు. భాయ్‌ఖళాలో వాళ్లంతా చుట్టూ మూగి ఎక్కడ కొన్నావని అడిగారు. సపన అనే కాలేజీ టీచరమ్మ తనకూ ఒకటి కుట్టించమని బయానా ఇవ్వబోయింది. మంగేష్ ఆ రోజు కూడా ఇంటికి ఈల వేస్తూనే వచ్చాడు.

ఆటలో మంగేష్‌కి ఒకే ఒక్క రోగం ఉండేది. కాలు తగిలితే మొక్కడం.

మనకు తెలిసిందే కదా. మన కాలు ఇంకొకరికి తగిలితే చెయ్యి దానంతటదే వెళ్లి వాళ్లను తాకి, మన కళ్లకు అద్దుకుంటుంది. బస్సులోనైనా, పెళ్లి పందిట్లోనైనా అంతే. కత్తి పోరులో ఇద్దరూ దగ్గరికొచ్చి పిడులు కలిశాక కాళ్లు తగలకుండా ఎలా ఉంటాయి? మంగేష్ కాలు అవతలివాడి కాలి మీద పడగానే ఎడమచెయ్యి పిడి వదిలేసేది, నడుము వంగేది. అవతలివాడు హాయిగా వీపు మీద ఒకటి వేసేవాడు. నెత్తిమీద ఉక్కుతో బాదడానికి ఏ మొహమాటమూ లేదు, కాలి బొటనవేలు తగిలితే మాత్రం అపచారం. అనికేత్ తల పట్టుకున్నాడు. రెండు నెలలు పని గట్టుకుని మంగేష్ కాలి కింద కాలు పెట్టి, వంగినప్పుడల్లా కొట్టి, ఆ రోగం కుదర్చడానికి చూశాడు. పోయిందనే అనుకున్నారు. వరసగా మూడు ఆదివారాలు మంగేష్ ఒక్కసారి కూడా వంగలేదు. పుణెవాళ్లతో దాదర్‌లో పెట్టుకున్న పోటీకి అనికేత్ ఆయన పేరు రాసేశాడు.

సరిగ్గా అప్పుడే రాజవ్వకు బొంత కావాల్సొచ్చింది.

వాన ముసురు పట్టి మూడు రోజులైంది. రాజవ్వ కాళ్లు లాగుతున్నాయి. అటక మీది బొంత దించమంది. సీమా వేరే దుప్పటి తెచ్చింది. రాజవ్వ దాన్ని తాకనైనా తాకకుండా కొడుకు వైపు చూసింది. బనీను పక్కనుంచి భుజం మీద నల్లగా కమిలిన గీత కనిపిస్తోంది. ఏమైందంటే పరాంచి మీంచి పడ్డానన్నాడు. పరాంచి అంటే పైకప్పు పనికి వెదురు బొంగులతో కట్టుకునే మంచె. చెప్పింది ఎవరితో? ముప్పై ఏళ్లు తాపీమేస్త్రీతో కాపురం చేసినామెతో.

“పరాంచి మీదికెల్లి పడ్డోడికి నడుముకు తగుల్తది, మోకాలికి తగుల్తది,” అంది రాజవ్వ. “మీ అయ్య రెండుసార్లు పడ్డడు. నాకెర్క లేదా? భుజం మీద గీత గీసినట్టు తగుల్తదారా?”

మంగేష్ దూలం మీది బల్లిని చూశాడు. సీమా పొయ్యి మీది అన్నాన్ని చూసింది. ఇద్దరిలో ముందు సీమాయే ఓడిపోయింది. మంచం కింది సంచిలోంచి కోటు తీసి అత్తమ్మ ఒళ్లో పెట్టింది. రాజవ్వ ఒక్కో పీలికనూ వేలితో గుర్తుపట్టింది. పెద్దమ్మ జాతరకు కట్టుకున్న ఆకుపచ్చ చీర. మొగుడి లుంగీ. ఇది కోటెందుకైందని అడిగింది. మంగేష్ ఉన్నదున్నట్టు చెప్పేశాడు. కత్తి అన్న మాట దగ్గర ఆమె చెయ్యి బట్ట మీద ఆగిపోయింది. తర్వాత లేచి, వంగి, మంచం కిందికి చూసింది. అక్కడ ఇనుప పెట్టె, ఆ సంచి, పాత చెప్పులు తప్ప ఏమీ లేవు. అది చూసి, ఇన్నాళ్లూ అబద్ధమాడినందుకు మంగేష్‌కి తనమీద తనకే అసహ్యం వేసింది.

బందు చెయ్యమంది రాజవ్వ. ఇంతకాలం ఆమె మాటకు ఎదురాడని మంగేష్, నలభై ఆరేళ్లకు మొదటిసారి ఎదురాడాడు. గొంతు పెంచలేదు.

“ఒక్కసారి వచ్చి సూడు అవ్వా. నీ కండ్లతో సూసినంక వద్దంటె ఇడుస్త. మల్ల అడగ.”

“నా నెత్తి మీద చెయ్యి పెట్టి చెప్పు.”

పెట్టి చెప్పాడు. ఇక మరి తిరుగు లేదు. రాజవ్వ ఊ అంటే ఉంటుంది, ఊహూ అంటే ఆ కత్తి జన్మలో ముట్టుకోడు.

దాదర్ అనేసరికి రాజవ్వ రావడానికి ఒప్పుకుంది కూడా. దాదర్ ఆమెకు తెలిసిన చోటు. అక్కడ తెలుగువాళ్ల సభలకు, బతుకమ్మకు వెళ్లి వస్తూనే ఉంటుంది. పోటీ ఒక బడి హాల్లో పెట్టారు. ఆదివారం పొద్దున ఉతికిన చీర కట్టుకుని, కొంగు నెత్తిన కప్పుకుని, ముందు వరస ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది. పక్కన సీమా. ముసుగులు, కత్తులు చూడగానే రాజవ్వ కుర్చీ చేతులు పట్టుకుంది. మళ్లీ వదిలితే ఒట్టు.

మంగేష్‌కి ఎదురుగా వచ్చినవాడు పుణె సాహిల్. ఇరవై నాలుగేళ్లు, పొడుగు చేతులు, పాదరసం. ముందు ఏడు దెబ్బలు ఎవరు కొడితే వాళ్లది గెలుపు. మొదటి దెబ్బ సాహిల్‌దే, మంగేష్ చేతి మీద. రాజవ్వ లేచి నిలబడింది. సీమా కొంగు పట్టి కూర్చోబెట్టింది. రెండోదీ సాహిల్‌దే. రాజవ్వ కళ్లు మూసుకుంది. మూడోది మంగేష్‌ది. ఆమె ఒక కన్ను తెరిచింది. అచ్చం కొడుకు కప్పు కింద నిలబడి తెరిచినట్టే ఒకే కన్ను. మంగేష్ చేతులు అలవాటు కొద్దీ పైకి లేచాయి, కత్తి భుజం మీద కప్పులా నిలిచింది. ఇక దించలేదు. సాహిల్ చుట్టూ తిరిగి తిరిగి అలిసిపోయాడు. అలిసినప్పుడల్లా పై నుంచి ఒకటి పడేది. నాలుగు నాలుగు. ఐదు నాలుగు. ఐదు ఐదు. ఆరు ఆరు. హాల్లో అందరూ లేచి నిలబడ్డారు.

మంగేష్ మనసులో ఒకటే మాట తిరుగుతోంది. ఈ ఒక్క దెబ్బ కొడితే అవ్వ సంతోషిస్తుంది, గెలిచినవాణ్ణి వద్దనదు. సాహిల్ కొట్టిన దెబ్బను పిడి దగ్గర ఆపి ముందుకు తోసుకొచ్చాడు. సాహిల్ తూలాడు. అతని పక్కటెముకలు తలుపు తీసినట్టు ఎదురుగా ఉన్నాయి. కత్తి వెనక్కి లాగి కొట్టడమే తరువాయి. ఆ లాగడంలో కుడికాలు ముందుకు పడింది, నేరుగా సాహిల్ పాదం మీద.

ఎడమచెయ్యి పిడి వదిలేసింది. నడుము వంగింది. ఇనుప రేకుల చేతితొడుగు సాహిల్ మోకాలిని తాకి, కళ్లకు అద్దుకోవడానికి వచ్చి, ముఖం మీది జాలీకి టంగుమని తగిలింది. అప్పటికే కిందికి దిగుతున్న కత్తిని సాహిల్ ఆపుకోలేకపోయాడు. అది వంగిన భుజం మీద, మెడకు జానెడు కింద గట్టిగా పడింది.

హాలంతా గొల్లుమని నవ్వింది. ఏడు ఆరు. అనికేత్ రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు. సాహిల్ జాలీ తీసి, ఎందుకు వంగావని మరాఠీలో అడిగాడు. కాలు తగిలిందని చెప్పాడు మంగేష్. సాహిల్ తన పాదం చూసుకుని, ఆయన్ని చూసి, సిగ్గుపడిపోయాడు. ఆ కుర్రాడూ ఇక్కడి ఇళ్లలో పెరిగినవాడే కదా. తీర్పరి దగ్గరికి వెళ్లి ఆ దెబ్బ లెక్కేయొద్దన్నాడు. పడ్డ దెబ్బ పడ్డట్టేనని మంగేష్ ఒప్పుకోలేదు. ఇద్దరూ గోడ పక్కన కూర్చుని, ఒకే సీసాలో నీళ్లు తాగుతూ, ఆ టంగుమన్న చప్పుడు తలుచుకుని కళ్లనీళ్లొచ్చేలా నవ్వారు. నవ్వుతూనే మంగేష్ తల్లి వైపు చూశాడు. ఆమె నవ్వడం లేదు. ఆ సీసానే చూస్తోంది. మంగేష్ నవ్వు అక్కడే ఆరిపోయింది.

బస్సులో రాజవ్వ కిటికీ పక్కన కూర్చుంది. ఫాక్‌లాండ్ రోడ్డు దగ్గర దిగారు. ఇంటికొచ్చి అన్నం తిని, సీరియల్ చూసి పడుకుంది. సోమవారం ఊ లేదు, మంగళవారం ఊహూ లేదు. ఆమె అన్నీ మాట్లాడుతోంది, నల్లా నీళ్ల గురించి, ఉల్లిగడ్డ గురించి, పాల మంగేష్ నీళ్లపాల గురించి. ఆ ఒక్కటి తప్ప. అడిగెయ్యమని సీమా పోరింది. మంగేష్ అడగలేదు. అడగనంతసేపూ ఆమె వద్దని చెప్పినట్టు కాదు కదా, అదీ ఆయన లెక్క. కానీ బుధవారానికల్లా ఆ లెక్క కూడా తప్పింది. పని దగ్గర నిచ్చెన మీద, సాపైన చోటే మళ్లీ మళ్లీ సాపు చేశాడు. ఓడిపోయాను, ఆమె ఎదుటే దెబ్బతిన్నాను, ఇంకేం ఊ అంటుంది అనుకున్నాడు. శుక్రవారం అనికేత్‌కి ఫోన్ చేసి, నా కత్తి వేరేవాళ్లకు ఇచ్చెయ్యి అనబోయి, కప్పు గట్టిగా ఉందా అని అడిగి పెట్టేశాడు.

శనివారం పని త్వరగా అయిపోయింది. మధ్యాహ్నం మూడింటికి మెట్లెక్కి వచ్చేసరికి వరండాలో, వెలుగు పడే చోట, రాజవ్వ చాప పరచుకుని కూర్చుంది. ఒళ్లో బొంత కోటు. భుజాల కాడ కుట్లన్నీ విప్పేసి ఉన్నాయి. చేతులు ఒకవైపు, వీపు ఒకవైపు. తెంచిన దారాలు చాప నిండా పడి ఉన్నాయి. మంగేష్ ఆఖరి మెట్టు మీదే ఆగిపోయాడు. సమాధానం ఇదన్నమాట. నోటితో వద్దనడం ఇష్టం లేక చేత్తో చెప్పింది. ఒట్టు ఒట్టే, మారుమాట అనకూడదనుకున్నాడు. చెప్పులు విడిచి, ఆమె పక్కనుంచి లోపలికి పోబోయాడు.

“కూసో,” అంది రాజవ్వ సూది మీంచి తల ఎత్తకుండానే. “నీ పెండ్లాం భుజం కాడ రెండే పొరలేసింది. మిషన్ సూది దిగలేదంట. గందుకే గట్ల నల్లగయ్యింది.”

మంగేష్ కూర్చున్నాడో కూలబడ్డాడో చెప్పడం కష్టం. అప్పుడు చూశాడు ఆమె మోకాలి మీదున్న బట్ట. తెల్ల చొక్కా, సన్న నీలం చారలు. అన్న కోర్టుకు వెళ్లే రోజున వేసుకునేది. ముప్పై ఏళ్లుగా అది మంచం కింది ఇనుప పెట్టెలో అడుగున, మడత నలగకుండా ఉంది. పండక్కి పెట్టె సర్దినా ఆమె దాన్ని సీమాని ముట్టుకోనిచ్చేది కాదు. ఇప్పుడు దాని వీపు కోటు భుజానికి సరిపడా కోసి ఉంది.

“అవ్వా, గది అన్న అంగి.”

“ఎర్కే. పెట్టెల ఉండి ఏం జేస్తది?” దారం కొరికింది రాజవ్వ. “పొద్దుగాల సూరత్‌కు ఫోన్ జేసి అడిగిన. కోసుకో అన్నడు. నువ్వు వంగి దెబ్బతిన్నది చెప్పిన. మస్తు నవ్విండు వాడు.”

ఆమె తనంతట తాను పెద్దకొడుక్కి ఫోన్ చేయడం ఈ ఇంట్లో ఎవరూ ఎరగరు. శివరాం నవ్వి ఎన్నాళ్లయిందో కూడా ఎవరికీ తెలియదు. లోపల సీమా మిషన్ చప్పుడు ఆపేసింది. ఆ కుర్రాడూ నువ్వూ ఒకే సీసాలో నీళ్లు తాగారు కదా, అది చూశాను అంది రాజవ్వ. అన్న దగ్గర తల్వారు దాచినవాడు మళ్లీ ఒక్కసారి కూడా గడప తొక్కలేదంది. చొక్కా ముక్కని బొంత పొరల మధ్య పెట్టి, అరచేత్తో రెండుసార్లు సాపు చేసింది.

“చెయ్యెత్తు. కొలుస్త.”

మంగేష్ చేతులు రెండూ అలవాటు కొద్దీ పైకి లేచాయి, కత్తి ఉన్నట్టే భుజం మీద నిలిచాయి. రాజవ్వ ఆ భుజం మీద బట్ట ఆనించి, కమిలిన చోటు వేలితో వెతికి, అక్కడ సూది గుచ్చి గుర్తు పెట్టుకుంది.

“రేపటికి అయిపోతది. తొడుక్కొని పో. కాలు తగిల్తె మొక్కుడు మాత్రం ఇడువకు బిడ్డా. దెబ్బ పడ్తె పడనియ్యి. గందుకే గదా ఇంకో పొర ఏస్తున్న.”